మహమ్మారిలో టీకాలు అందరికీ అందాలంటే ప్రతి ఖండంలో ఫ్యాక్టరీ పెడితే చాలా?

నింగిచుక్క: కోవిడ్‌లో బ్రిటన్ 2020 డిసెంబరు 8న టీకాలు మొదలుపెట్టింది. పేద దేశాలకు టీకాలు అందించడానికి పెట్టిన అంతర్జాతీయ పథకం కోవాక్స్ నుంచి తొలి విడత, 6 లక్షల డోసులు, ఘనా చేరేసరికి 2021 ఫిబ్రవరి 24. అవి పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారయ్యాయి. తర్వాతి నెలలోనే ఇండియాలో కేసులు పెరిగి ఎగుమతులు ఆగాయి, కోవాక్స్ చేతులు కట్టేసినట్టయింది. ఎవరి ఖండంలో వాళ్లకు ఫ్యాక్టరీలు ఉండాల్సిందే. కాదంటారా?

చలిపెట్టె: ఉండాలి, కానీ చివరి మైలు, అంటే టీకా ఊళ్లో మనిషి దాకా చేరడం, సంగతేంటి? మలావీకి 2021 మార్చి చివర్లో వచ్చిన డోసులకు గడువు మూడు వారాలు కూడా లేదు. మే నెలలో దాదాపు 20 వేల డోసులు కాల్చేశారు. అవి మామూలు ఫ్రిజ్‌లో నిలవుండే టీకాలే. మైనస్ 70 డిగ్రీలు కావాల్సిన ఫైజర్ టీకా అయితే ఊళ్లకు ఎలా చేరేది?

దారిదీపం: ఇద్దరి మాటా నిజమే. కానీ నన్ను బాధపెట్టేది దక్షిణాఫ్రికాలోని మందుల కంపెనీ ఆస్పెన్ కథ. జాన్సన్ అండ్ జాన్సన్ కోవిడ్ టీకాను సీసాల్లో నింపి ప్యాక్ చేసే లైన్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. 2022లో దాన్ని సొంత పేరుతో ఆఫ్రికాలో అమ్ముకునే ఒప్పందమూ కుదిరింది. ఒక్క ఆర్డరూ రాలేదండి! అప్పటికే టీకాలు కుప్పలుగా ఉన్నాయి, గిరాకీ పడిపోయింది. ఫ్యాక్టరీ కావాలని అందరూ అన్నారు, కొనేవాళ్లు లేరు.

మహమ్మారి వచ్చాక ఫ్యాక్టరీ తెరిస్తే పనివాళ్లకు చేయి తిరగడానికే నెలలు పడుతుంది. అందుకే మామూలు రోజుల్లోనే తట్టు లాంటి పిల్లల టీకాలు ఆ ఫ్యాక్టరీల దగ్గరే కొనాలి, ముందస్తు ఒప్పందంతో, ఏళ్ల తరబడి. పేద దేశాల పిల్లలకు టీకాలు అందించే అంతర్జాతీయ కూటమి గావి 2024లో ఆఫ్రికా తయారీదారులకు పదేళ్లలో 120 కోట్ల డాలర్ల దాకా ఇచ్చే పథకం మొదలుపెట్టింది. మంచిదే, కానీ ఆర్డర్లు లేకపోతే ఆ డబ్బు అయిపోయిన రోజే లైను ఆగుతుంది.

నింగిచుక్క: ఆ ఫ్యాక్టరీల టీకా ధర ఎక్కువైతే? అదే బడ్జెట్‌లో తక్కువ మంది పిల్లలకే టీకా పడుతుంది కదా.

దారిదీపం: అలా జరగకూడదు. ధరలో ఆ తేడా మహమ్మారి సన్నద్ధత నిధి నుంచి రావాలి, పిల్లల టీకా డబ్బులోంచి ఒక్క పైసా తీయకూడదు. ఇందులో నేను రాజీపడను.

చలిపెట్టె: ఇంకోటి. ఆ ఫ్యాక్టరీకి కావాల్సిన ఫిల్టర్లు, టీకా పదార్థాన్ని పెంచే బయోరియాక్టర్ సంచులు బయటి దేశాల నుంచే వస్తాయి. వాటి ఎగుమతి ఆగితే మళ్లీ మొదటికే వస్తాం. వాటి నిల్వల గురించి కూడా ఆ ఒప్పందాల్లోనే రాయించాలి.