కూపర్టినో హోమ్‌స్టెడ్ హైస్కూల్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

కొరిటెపాడు:
నమస్తే అందరికీ. ఆఫీసువాళ్ళు కాలిఫోర్నియా సన్నీవేల్‌కి పంపుతున్నారు, జూన్ ఆఖర్లో గుంటూరు నుంచి బయల్దేరతాం. అమ్మాయి తొమ్మిది పూర్తి చేసింది. పక్కనే కూపర్టినోలో హోమ్‌స్టెడ్ హైస్కూల్ ఉంది, గవర్నమెంటు బడేనని విన్నాం. మా నాన్నగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. ర్యాంకులు తర్వాత, ముందు ఆ బడి ఎప్పుడు పెట్టారో, అందులో చదివినవాళ్ళు ఏమయ్యారో కనుక్కోమని పట్టుబట్టారు. తెలిస్తే చెప్పగలరు.

సత్యనారాయణపురం:
పెద్దాయన సరిగ్గానే అడిగారు. బడి మొదలైంది 1962లో. అప్పుడు ఆ చుట్టుపక్కలంతా ఆప్రికాట్, ప్రూన్ తోటలు. తోటలు కొట్టేసి ఇళ్ళు కడుతుంటే ఆ ఇళ్ళ పిల్లల కోసం వరసగా హైస్కూళ్ళు పెట్టుకుంటూ వచ్చారు. ఫ్రీమాంట్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి సర్కారు హైస్కూళ్ళని నడిపే సంస్థ) కింద ఇప్పుడు ఐదున్నాయి: ఫ్రీమాంట్, కూపర్టినో, హోమ్‌స్టెడ్, లిన్‌బ్రుక్, మోంటా విస్టా. ఇక చదివినవాళ్ళంటారా, ఆపిల్ కంపెనీ పెట్టిన ఇద్దరూ అక్కడివాళ్ళే: స్టీవ్ వోజ్నియాక్ 1968 బ్యాచ్, స్టీవ్ జాబ్స్ 1972 బ్యాచ్. నాలుగేళ్ళ తేడా కదా, బడిలో కలవలేదు. వాళ్ళిద్దర్నీ పరిచయం చేసింది అదే బడిలో చదివిన బిల్ ఫెర్నాండెజ్, తర్వాత ఆపిల్ మొదటి ఉద్యోగుల్లో ఒకడు. అక్కడ జాన్ మెకలమ్ అని ఎలక్ట్రానిక్స్ మాస్టారు, అంతకుముందు నేవీలో చేసొచ్చాడు. స్టోరు గది నిండా ట్రాన్సిస్టర్లు, విడిభాగాలు పోగేసి పిల్లలచేత చేతులతో పని చేయించేవాడు. వోజ్నియాక్ ఆయన ప్రియశిష్యుడు. జాబ్స్ మాత్రం ఒక్క ఏడాదే ఉండి ఆ క్లాసు మానేశాడు, మాస్టారితో పడలేదు. వోజ్నియాక్ కూడా బుద్ధిమంతుడేం కాదులెండి, టిక్ టిక్ మనే మెట్రోనోమ్ (సంగీతానికి తాళం వేసే యంత్రం) ఒకటి తయారుచేసి లాకర్లో పెడితే ప్రిన్సిపాల్ బాంబనుకున్నాడు, కుర్రాడు ఒక రాత్రి జువెనైల్ హాల్లో, అంటే పిల్లల్ని నిర్బంధించే చోట, పడుకున్నాడు.

బ్రాడీపేట 4/14:
కథలు బాగున్నాయి. వీటితో సీటు రాదు తమ్ముడూ. ఇక్కడ బడి మనం ఎంచుకోం, ఇంటి అడ్రసు ఎంచుతుంది. నేను దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి మొత్తం చెబుతా, ఓపిగ్గా చదువు. మా వాడికి మంచి హైస్కూలు కావాలని (ఈ బడి కాదు, ఊరూ వేరు) దాని ఎదురు రోడ్డులో అపార్ట్‌మెంటు చూశాం. ఆఫీసులో ఉన్నావిడ కిటికీలోంచి వేలు పెట్టి చూపించి అదిగో మీ బడి, నడిచి వెళ్ళొచ్చు అంది. నేను పొంగిపోయి ఏడాది లీజు సంతకం పెట్టి, డిపాజిట్ కట్టి, సామాను దించి, సోమవారం పొద్దున్నే ఫైలు పట్టుకుని బడికి పోయా. కౌంటర్లో అడ్రసు కొట్టి చూసి, సారీ, మీ ఇల్లు వేరే బడి కిందికి వస్తుంది, గీత రోడ్డు మధ్యలోంచి పోతుంది అన్నారు. కిటికీలోంచి కనిపించే బడి మాది కాదు, నాలుగు మైళ్ళ అవతలిది మాది! వెనక్కి వచ్చి ఆవిడ్ని అడిగితే లీజులో బడి సంగతి ఎక్కడ రాశామో చూపించమంది. మధ్యలో ఖాళీ చేస్తే రెండు నెలల అద్దె కట్టాలంది. కట్టలేక ఏడాదంతా రోజూ పొద్దున్నే దింపి, మధ్యాహ్నం ఆఫీసులో అందరూ చూస్తుండగా లేచి వెళ్ళి తెచ్చుకున్నా. మన బ్రాడీపేటలో లైను, అడ్డరోడ్డు చెబితే రిక్షావాడు కూడా ఇంటి ముందు దింపుతాడు. ఇక్కడ రోడ్డుకి ఏ పక్కన అన్నది కూడా చూడాలి. ఎవరి నోటి మాటా నమ్మొద్దు. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో డోర్ నంబరుతో సహా కొట్టి చూడు, వాళ్ళకి ఫోన్ కూడా చెయ్యి, ఆ తర్వాతే సంతకం.

పటమట:
అన్నయ్య చెప్పింది నిజం. జాబ్స్ కథ వెనక ఉన్నదీ ఈ గీతే. చిన్నప్పుడు వాళ్ళది మౌంటెన్ వ్యూ. అక్కడి మిడిల్ స్కూల్లో పిల్లలు ఏడిపిస్తుంటే ఏడో క్లాసులో మళ్ళీ ఆ బడికి పోనని మొండికేశాడు. తల్లిదండ్రులు ఉన్నదంతా ఊడ్చి లాస్ ఆల్టోస్‌లో 21,000 డాలర్లకి ఇల్లు కొన్నారు. ఊరు లాస్ ఆల్టోస్, బడుల గీత మాత్రం కూపర్టినో వైపు. అందుకే హోమ్‌స్టెడ్‌లో పడ్డాడు. 1976లో ఆపిల్ మొదలైన గ్యారేజీ ఆ ఇంటిదే. ఇప్పటికీ హోమ్‌స్టెడ్‌కి సన్నీవేల్ నుంచీ, లాస్ ఆల్టోస్ నుంచీ పిల్లలు వస్తారు, కాబట్టి మీరు సన్నీవేల్‌లో ఉన్నా దిగులు లేదు, వీధి చూసుకోండి. సన్నీవేల్లోనే కొన్ని వీధులు ఫ్రీమాంట్ హైస్కూల్ కిందికి పోతాయి.

గవర్నర్‌పేట:
పబ్లిక్ స్కూల్ అంటే ఫీజు గట్టిగానే ఉంటుంది, డబ్బు సర్దుకుని రండి. సోషల్ సెక్యూరిటీ నంబరు (మన ఆధార్ లాంటిది) వచ్చేదాకా చేర్చుకోరు కూడా.

పటమట:
బాబాయ్, రెండూ తప్పే. మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పేరులోనే పబ్లిక్, ఫీజు కట్టి చదివేది. సత్య నాదెళ్ల, శంతను నారాయణ్ అక్కడివాళ్ళే. అమెరికాలో పబ్లిక్ అంటే అచ్చంగా సర్కారు బడి, ఇళ్ళ పన్నుల డబ్బుతో నడుస్తుంది, ఫీజు లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు అక్కర్లేదు. వీసా ఏమిటన్నది చూసి పిల్లల్ని ఆపకూడదని సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది.

గవర్నర్‌పేట:
మా వాణ్ణి అడిగారే!

పటమట:
అడిగి ఉంటారు, ఇవ్వకపోయినా సీటు ఇవ్వాలి. కావలసినవి వేరే: లీజు కాగితం, మీ పేరు మీద కరెంటు బిల్లు, పాస్‌పోర్టు, ఎనిమిది, తొమ్మిది మార్కుల లిస్టులు, టీకాల కార్డు. ఎక్కువమంది ఆగేది టీకాల దగ్గరే. కాలిఫోర్నియాలో చికెన్‌పాక్స్ రెండు డోసులు చూస్తారు, మనవైపు చాలామంది పిల్లలకి ఒకటే పడి ఉంటుంది. టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింతదగ్గు టీకా) బూస్టరు కూడా కావాలి. గుంటూరులోనే వేయించి, డాక్టరుగారి చేత తేదీలతో, సంతకంతో, స్టాంపుతో రాయించుకోండి. నమ్మకాల పేరు చెప్పి తప్పించుకోవడం 2016 నుంచి లేదు.

బ్రాడీపేట 4/14:
డిపాజిట్ గురించి మర్చిపోయా. 2024 జూలై నుంచి ఒక నెల అద్దెకి మించి అడగకూడదు, చిన్న ఓనర్లకి మినహాయింపు ఉంది. ఖాళీ చేశాక 21 రోజుల్లో తిరిగివ్వాలి, కోసుకుంటే దేనికి కోశారో రాసివ్వాలి. దిగిన రోజే గోడలు, కార్పెట్టు, పొయ్యి, అన్నీ వీడియో తీసి పెట్టుకో.

సత్యనారాయణపురం:
నన్నడిగితే అమ్మాయిని అక్కడే టెన్త్ రాయించి తీసుకెళ్ళడం మేలు. ఎస్సెస్సీ సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఎక్కడైనా చెల్లుతుంది.

బ్రాడీపేట 4/14:
వద్దు. ఇక్కడ హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు, నాలుగేళ్ళ మార్కులూ లెక్కకొస్తాయి. ఎంత ఆలస్యమైతే అంత నష్టం. మనవైపు ఇంటర్ లాగా చివరి రెండేళ్ళూ కూర్చోబెట్టి రుద్దితే అయిపోయేది కాదు. ఆగస్టులో బడి తెరిచే రోజుకి ఇక్కడ ఉండాలి.

సత్యనారాయణపురం:
బెజవాడలో ఇంటర్ చదివినవాళ్ళు కూడా ఇక్కడ బాగానే ఉన్నారు సార్.

బ్రాడీపేట 4/14:
మీ బెజవాడని నేనేం అనలేదు. ఎన్టీఆర్ అంతటివాడే ఎస్సారార్ కాలేజీలో ఇంటర్ చదివి బీఏకి మా ఏసీ కాలేజీకి వచ్చాడు.

సత్యనారాయణపురం:
ఎస్సారార్‌లో విశ్వనాథ సత్యనారాయణగారు తెలుగు చెప్పారండీ ఆయనకి. తర్వాత డిగ్రీ ఎక్కడ తెచ్చుకుంటే ఏముంది.

పటమట:
పాపం ఆయన అమ్మాయి సీటు గురించి అడిగాడు.

కొరిటెపాడు:
అందరికీ ధన్యవాదాలు. అనుకున్న అపార్ట్‌మెంటు అడ్రసు కొట్టి చూస్తే ఫ్రీమాంట్ హైస్కూల్ వచ్చింది, ఇంకా సంతకం పెట్టలేదు కాబట్టి బతికిపోయాం. రెండు వీధులు ఇవతల ఇంకొకటి చూస్తున్నాం, అద్దె కొంచెం ఎక్కువ. చికెన్‌పాక్స్ మీరన్నట్టే ఒకటే పడింది, రెండోది ఈ శనివారం. నాన్నగారికి అన్నీ చదివి వినిపించాను. జాబ్స్ గురించి పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఎలక్ట్రానిక్స్ మాస్టారి పేరు ఇంకోసారి చెప్పమని డైరీలో రాసుకున్నారు, స్టోరు గదికి సామాను డబ్బు బడివాళ్ళే ఇచ్చారా, ఆయనే ఎక్కణ్ణుంచో తెచ్చుకున్నాడా అని అడుగుతున్నారు.