మోనార్క్‌కు వచ్చిన ముప్పు మన ప్లెయిన్ టైగర్‌కూ వస్తుందా?

అమలాపురం సభ్యుడు:
కాలువలు కట్టివేసిన ఈ వేసవిలో మా గట్ల మీది జిల్లేడు పొదలన్నిటినీ యంత్రంతో పెకలించివేశారు. ఉత్తర అమెరికా పొలాలలో కలుపుమందులకు, మోనార్క్ గొంగళిపురుగులకు ఆహారమైన మిల్క్‌వీడ్ అనే పాల మొక్కలు పోయి మోనార్క్ సీతాకోకచిలుకలు తగ్గినట్లే, జిల్లేడు మీద గుడ్లు పెట్టే మన ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక కూడా డెల్టాలో తగ్గిపోతుందని నా వాదన. రెండూ డానస్ ప్రజాతివే. రెండింటి గొంగళిపురుగులూ పాలు కారే ఆకులను తిని, అందులోని విషాన్ని ఒంట్లో దాచుకొని పక్షుల నుండి రక్షణ పొందుతాయి.

తణుకు సభ్యురాలు:
మీ ఆవేదన న్యాయమైనదేనండి, కాని పోలిక సగం వరకే నిలుస్తుంది. రాకీ పర్వతాలకు తూర్పున పుట్టిన మోనార్క్‌లు శరదృతువులో వేల కిలోమీటర్లు ఎగిరి, మధ్య మెక్సికో కొండల మీది ఓయమెల్ అనే ఫర్ చెట్ల అడవులలో కొద్దిపాటి చోట గుమిగూడి చలికాలం గడుపుతాయి. 1996-97 శీతాకాలంలో సుమారు 18 హెక్టార్లు పరచుకున్న ఆ గుంపులు 2013-14లో 0.67 హెక్టారుకు కుంచించుకుపోయాయి. మిల్క్‌వీడ్ లేకపోవడం ఒక దెబ్బ అయితే, అక్కడి చెట్ల నరికివేత, చలిగాలివానలు మరికొన్ని దెబ్బలు. ప్లెయిన్ టైగర్ ప్రాణం అలా ఒకే కొండకు కట్టుబడి లేదు. ఆఫ్రికా నుండి దక్షిణాసియా దాకా విస్తరించిన ఈ జాతికి మన వెచ్చని నేలలో ఏడాది పొడవునా తరాలు సాగుతాయి. జిల్లేడు దొరకనిచోట గుడ్లు పెట్టడానికి దుష్టపు తీగ ఉంది.

అమలాపురం సభ్యుడు:
జాతి అంతరిస్తుందని నేను అనలేదండి. మన ఊళ్లలో పలచబడినా నష్టమే. డానైడ్ ఎగ్‌ఫ్లై అనే మరో జాతి ఆడ సీతాకోకచిలుకకు విషం లేదు. ప్లెయిన్ టైగర్ రూపాన్ని ధరించి పక్షులను ఏమార్చుతుంది. అసలుది అరుదైతే, ఆ వేషం చూసి జంకే పక్షులూ తగ్గిపోతాయి.

రాజోలు రైతు:
మాది శివారు భూమి, పూడిక తీయకపోతే మాకు నీరు రాదు; ఆ పని ఆపమనవద్దు. అయితే నీటికి అడ్డుపడేది గుర్రపుడెక్క, తూడు గాని గట్టు వెలుపలి వాలున ఉన్న జిల్లేడు కాదు. ఆ వాలును వదిలివేయమని నీటి సంఘంలో అడుగుదాం. తప్పనిసరైన చోట వేళ్లు మిగిల్చి నరికితే జిల్లేడు మళ్లీ చిగురిస్తుంది. నరికే ముందు ఆకులు తిరగేసి చూడాలి: చారల పురుగుకు మూడు జతల నల్లని కొమ్ములుంటే అది ప్లెయిన్ టైగర్‌దే కావచ్చు, మోనార్క్ పురుగుకు రెండు జతలే. పురుగులున్న పొదను అవి ప్యూపాలుగా మారేవరకు ఆపడం మాకు కష్టమేమీ కాదు.

తణుకు సభ్యురాలు:
ఈ ప్రతిపాదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దుష్టపు తీగ అల్లుకున్న కంచెలను కూడా అందులో చేర్చండి.