డిస్ట్రోఫిన్ జన్యువును మయోబ్లాస్టుల్లోకి చేర్చడానికి ఏ వైరల్ వెక్టార్ వాడాలి?

ప్రశ్న

నేను కండర జీవశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. డుషెన్ కండర క్షీణత ఉన్నవారి మయోబ్లాస్ట్ కణాల్లో (కండరంగా మారబోయే కణాల్లో), ఆ జబ్బులో లోపించే మానవ డిస్ట్రోఫిన్ ప్రోటీన్‌ను తయారు చేయించి, ఆ కణాలు ఒకదానితో ఒకటి కలిసి మయోట్యూబులుగా మారాక ఆ ప్రోటీన్ కణపొర దగ్గరకు చేరుతోందో లేదో చూడాలన్నది నా ఉద్దేశం. మా ప్రయోగశాలలో ఎలుకల కోసం ఏఏవీ9 (జన్యువును కణంలోకి మోసుకెళ్లే వెక్టార్‌గా వాడే అడినో-అసోసియేటెడ్ వైరస్‌లో ఒక రకం) వాడుతున్నారు కనుక నన్నూ అదే వాడమన్నారు. అయితే డిస్ట్రోఫిన్ కోడింగ్ భాగమే 11 కిలోబేస్‌లు (కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్ఏ అక్షరాలు) ఉంటుంది, ఏఏవీలో పట్టేది సుమారు 4.7 మాత్రమే. కుదించిన రూపమైన మైక్రో-డిస్ట్రోఫిన్‌తో సరిపెట్టుకోవాలా, జన్యువును క్రోమోజోములోనే కలిపే లెంటీవైరస్‌కు మారాలా?

జవాబు 1

ఆ 4.7 కిలోబేస్‌లలోనే ప్రమోటరు (జన్యువును పనిచేయించే స్విచ్), పాలీ-ఏ సంకేతం (జన్యువు ముగింపు గుర్తు), వైరస్ డీఎన్ఏ రెండు చివరల ఉండాల్సిన ఐటీఆర్‌లు కూడా ఇమడాలి కనుక ఏఏవీ అయితే మైక్రో రూపం తప్పదు. అది పనిచేస్తుందన్న నమ్మకం ఒక రోగి వల్ల కలిగింది: కోడింగ్ భాగంలో 46 శాతం లోపించినా 60 ఏళ్లు దాటాక కూడా నడవగలిగిన బెకర్ (డుషెన్ కంటే తేలికైన కండర క్షీణత) రోగి గురించి 1990లో ప్రచురితమైంది. మధ్యనున్న 24 స్పెక్ట్రిన్ తరహా పునరావృతాలలో చాలావాటిని తీసేసినా, ఒక చివర కణం లోపలి యాక్టిన్ తంతువులను, మరో చివర కణపొరలోని బీటా-డిస్ట్రోగ్లైకాన్‌ను పట్టుకోగలిగితే ప్రోటీన్ చాలావరకు పని నెరవేరుస్తుంది. 2023 జూన్‌లో అమెరికాలో అనుమతి పొందిన జన్యుచికిత్స ఇటువంటిదే. అసలు ప్రోటీన్ 427 కిలోడాల్టన్లయితే అందులోనిది 138. కానీ ఎన్‌నాస్ అనే, నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమును కణపొరకు చేర్చే 16, 17 పునరావృతాలు అందులో లేవు. మీ ప్రశ్న ఎన్‌నాస్‌ను తాకితే మైక్రో రూపాన్ని ఎంచుకునే ముందు ఇది గమనించండి.

జవాబు 2

పరిమాణం సంగతి అలా ఉంచితే, ఏఏవీ9 గురించే నాకు అభ్యంతరం. ఎలుక రక్తంలోకి ఎక్కించినప్పుడు కండరాలకు, గుండెకు చక్కగా చేరే ఈ రకం కల్చర్ డిష్‌లో తరచుగా నిరాశపరుస్తుంది. ఏఏవీ6ను, ఏఏవీ2ను జీఎఫ్‌పీతో (వెక్టార్ చేరిన కణాల్లో ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్‌తో) ముందుగా పోల్చి చూడడం మేలు. ఏఏవీ జన్యుపదార్థం చాలావరకు క్రోమోజోములో కలవదు కనుక, మయోబ్లాస్టులు విభజన చెందేకొద్దీ పలుచబడిపోతుంది. అందుచేత మయోట్యూబులు ఏర్పడిన తర్వాతే వైరస్‌ను చేర్చాలి. మయోబ్లాస్టుల దశలోనే చేర్చి ఎక్కువకాలం నిలుపుకోవాలంటే లెంటీవైరస్ నయం. కాకపోతే పూర్తి డిస్ట్రోఫిన్ దానికీ పెద్దదే, టైటర్ (దొరికే వైరస్ సాంద్రత) బాగా పడిపోతుంది. ఇంకొకటి: ఎంహెచ్‌సీకే7 వంటి కండర ప్రమోటరు మయోబ్లాస్టుల్లో దాదాపు మౌనంగా ఉంటుంది కనుక, డిఫరెన్షియేషన్‌కు (కణాలు మయోట్యూబులుగా మారడానికి) ముందు సంకేతం కనిపించకపోతే వెక్టార్ పాడైందనుకోకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పూర్తి ప్రోటీనే కావాలంటే దారి లేదా?

జవాబు 1

ఉంది. వైరస్ సొంత జన్యువులన్నీ తొలగించిన గట్‌లెస్ అడినోవైరస్‌లో సుమారు 36 కిలోబేస్‌లు పడతాయి. అయితే దాని తయారీకి సహాయక వైరస్ కావాలి, ఆ కల్తీని పూర్తిగా వదిలించడం శ్రమతో కూడిన పని. మీ ప్రశ్న ప్రోటీన్ ఎక్కడికి చేరుతోందన్నదే అయితే అంత ప్రయాస అనవసరమని నా అభిప్రాయం. ఇంతకీ మీ యాంటీబాడీ ప్రోటీన్‌లో ఏ భాగాన్ని గుర్తిస్తుంది? మధ్య భాగానికో, సీ-చివరకో (ప్రోటీన్ ముగిసే చివరకో) చేసినదైతే చాలా మైక్రో రూపాలను అది గుర్తించలేదు.

ప్రశ్న అడిగినవారు

మా దగ్గరున్నది సీ-చివరదే. వెక్టార్ కంటే ముందు ఎన్-చివరను (ప్రోటీన్ మొదలయ్యే చివరను) గుర్తించే యాంటీబాడీకి ఆర్డర్ పెట్టాలన్నమాట.