ప్రమాద బాధితులకు పీటీఎస్‌డీ స్క్రీనింగ్ ఎప్పుడు చేయాలి?

ప్రశ్న: రోడ్డు ప్రమాదాల్లో ఎముకలు విరిగి ఆర్థో వార్డులో చేరినవాళ్లకు డిశ్చార్జి రోజే పీటీఎస్‌డీ (భయంకరమైన ఘటన తర్వాత వచ్చే మానసిక సమస్య) ఉందేమో చూసే ఫారం నింపిస్తే సరిపోతుందా? చాలామందికి చదవడం రాదు.

జవాబు 1: ఆ రోజు వద్దండీ. లక్షణాలు నెల దాటి ఉంటేనే పీటీఎస్‌డీ. అంతకుముందు కనిపించేవి చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. 6 వారాలకు ఎక్స్‌రే కోసం వస్తారు కదా, అప్పుడు పీసీ-పీటీఎస్‌డీ-5 అనే చిన్న ప్రశ్నావళి అడగండి. ముందు ఘటన గురించి ఒక ప్రశ్న, తర్వాత గత నెల గురించి 5 అవును-కాదు ప్రశ్నలు: పీడకలలు లేదా వద్దన్నా వచ్చే జ్ఞాపకాలు, తప్పించుకు తిరగడం, ఉలికిపాటు, మొద్దుబారినట్టుండటం, తప్పు తనదేనన్న బాధ. సాధారణంగా 4 అవునులు వస్తే పాజిటివ్. ఎవరూ జారిపోకూడదనుకుంటే 3 పెట్టుకోండి, రెఫరల్స్ పెరుగుతాయి.

జవాబు 2: చదివి వినిపించేటప్పుడు ఇంటివాళ్లను బయట కూర్చోబెట్టండి. లేదంటే "ఆయన బానే ఉన్నాడమ్మా" అని జవాబు వాళ్లే చెప్పేస్తారు. ప్రశ్నల మాటలు మార్చకుండా చదవండి. అన్నీ అయ్యాక, "బండెక్కుతున్నారా? ఆ రోడ్డున వెళ్తున్నారా?" అని అడిగితే దాచుకున్నది బయటపడుతుంది. నిద్ర చెడితే నొప్పితో మెలకువ వస్తోందా, కలతోనా అన్నది తేల్చుకోండి. ఆర్థో వార్డులో తికమక అంతా ఇక్కడే.

జవాబు 3: పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమైనట్టు కాదు. తర్వాత పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల వివరమైన ప్రశ్నావళి చేయించండి. మొత్తం 80కి 31-33 లేదా అంతకు మించి వస్తే సైకియాట్రిస్టు చూడాలి. ఆత్మహత్య ఆలోచనల గురించి ఇందులో నేరుగా ప్రశ్న లేదు, విడిగా అడిగి తీరాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు చీటీ మీద రాసివ్వండి. పంపడానికి డాక్టరెవరో ఖాయం చేసుకోకుండా మాత్రం స్క్రీనింగ్ మొదలుపెట్టకండి.