జర్మనీలో వాకిలి ముందర ఇత్తడి పలకల మీద పేర్లు, తొక్కొచ్చా?

భవానీనగర్_అమ్మ:
అందరికీ నమస్తే, బెర్లిన్‌లో మా అబ్బాయి దగ్గరికి పోయొచ్చినాము. వాళ్ళ అపార్ట్‌మెంట్ ముందర ఫుట్‌పాత్ రాళ్ళ మధ్యలో అరచేయంత ఇత్తడి పలకలు నాలుగు పాతిపెట్టుండారు, నాలుగిటికీ ఒకే ఇంటిపేరు, ఒకటి 1936లో పుట్టిన బిడ్డది, కింద 1943, ఆష్‌విట్జ్ అని ఉంది, హిట్లర్ నాజీలు జనాన్ని చంపిన క్యాంపంట అది. మావాడు చెప్పేదాకా తెలీక రెండ్రోజులు తొక్కుకుంటానే తిరిగినాను. పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం కదా, అట్లా ప్రాణాలు పోగొట్టుకున్నోళ్ళ పేర్లు నేలమీద ఎందుకు పెట్టినారు? మనసు ఒకటే పీకతా ఉంది.

చిత్తూరోడు_కొలోన్‌లో:
అమ్మా, వాటిని స్టోల్పర్‌స్టైన్ అంటారు, కాలికి తట్టుకునే రాయి అని. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో మా కొలోన్‌లోనే మొదలుపెట్టినాడు, 2023లో లక్షో రాయి న్యూరెంబర్గ్‌లో పెట్టినారు. వాళ్ళు తమ ఇష్టంతో బతికిన ఆఖరి ఇల్లు ఏదో వెతికి ఆ వాకిట్లోనే పాతుతారు, చానామందికి సమాధి కూడా లేదు కదా. యూదులవే జాస్తి, రోమా (జిప్సీ) వాళ్ళవి, వికలాంగులవి కూడా ఉంటాయి. మన పాత్రల అంగట్లో ముందు సుత్తితో పేరు కొట్టేవాళ్ళే, అట్లా ఒక్కో అక్షరం చేత్తోనే కొడతారు, మనుషుల్ని ఫ్యాక్టరీలో మాదిరి చంపినారు కాబట్టి ఈ పని ఫ్యాక్టరీలో చేయకూడదని.

గాంధీరోడ్_రీడర్:
మీ బాధే మ్యూనిచ్‌లో పెద్ద గొడవైంది. అక్కడి యూదు సంఘం పెద్ద షార్లెట్ నోబ్లాఖ్, చిన్నప్పుడు ఒక పల్లెలో దాక్కుని బతికిన మనిషి, ఆ పేర్లు మళ్ళీ కాళ్ళ కింద పడకూడదని గట్టిగా నిలబడింది. కార్పొరేషన్ వాళ్ళు పబ్లిక్ రోడ్ల మీద వద్దనేసి 2018 నుంచి గోడకు పలకలు, లేదంటే స్తంభాలు పెడతా ఉండారు. నా ఓటు ఆమెకే.

అలిపిరి_మెట్లు:
అలిపిరిలో సాగిలపడిన రాతి మనిషి గుర్తొచ్చినాడు, కానీ ఆ పోలిక కుదరదు, ఆయన కోరి పడుకున్నాడు, వీళ్ళు కోరుకోలేదు. అయినా నేను నేలమీద ఉండాలనే అంటా, గోడ మీదుంటే తల తిప్పుకుని పోతాం, కిందుంటే నడుం వంచితే గానీ చదవలేం.

చిత్తూరోడు_కొలోన్‌లో:
1938లో యూదుల మీద దాడులు జరిగిన నవంబర్ 9న, 1945లో ఆష్‌విట్జ్‌కు విముక్తి దొరికిన జనవరి 27న, ఏటా జనం మోకాళ్ళ మీద కూర్చుని వాటిని తోముతారు, పువ్వు పెట్టి కొవ్వొత్తి వెలిగిస్తారు. నల్లబడితే పేరు కనపడదమ్మా.

భవానీనగర్_అమ్మ:
ఇప్పుడే మావాడికి ఫోన్ చేసినా. మొదట ఆ బిడ్డ పలక తోమరా అని చెప్పినా.