సీఎస్2 (కౌంటర్ స్ట్రైక్ 2, తుపాకుల గేమ్) లో సరిగ్గా ఫైట్ టైమ్‌కే పీసీ ఆగిపోతోంది, గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?

గుంటూరు_మిర్చి:
అన్నలూ చిన్న హెల్ప్. నాది లాక్‌డౌన్ అయ్యాక కట్టించిన పీసీ, ఐ5 10400ఎఫ్, హెచ్410 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1650 4 జీబీ, విండోస్ ఏమో 240 జీబీ ఎస్ఎస్‌డీలో ఉంది గేములన్నీ పాత హార్డ్ డిస్క్‌లో. సీఎస్ గో ఉన్నప్పుడు వెన్నలా ఆడేది, 2023 సెప్టెంబర్‌లో దాన్ని తీసేసి సీఎస్2 ఇచ్చారు కదా అప్పట్నుంచి ఈ గోల. ఊరికే మ్యాప్‌లో తిరిగితే 110, 120 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో ఆ లెక్క) వస్తుంది, ఎవడైనా ఎదురొచ్చి స్మోక్ బాంబు వేశాడా ఇక అంతే, 40కి పడిపోయి బొమ్మ అక్కడే అతుక్కుపోతుంది, మళ్లీ కదిలేసరికి నేను చచ్చిపోయి ఉంటా. సెట్టింగ్స్ అన్నీ లో లోనే ఉన్నాయి. ఏదో గేమ్ బూస్టర్ అంటే అది కూడా వేశా, యాడ్స్ రావడం తప్ప ఏం లేదు. పీసీ కట్టిన షాపతను కార్డు మార్చెయ్ అంటున్నాడు, నాన్న 20 వేల వరకు ఇస్తానన్నారు, రెండోసారి అడిగితే ఇవ్వరు. ఏం చెయ్యను?

కూలర్_మాస్టారు:
తమ్ముడూ ఆ 20 వేలు నాన్న దగ్గరే ఉండనీ. ముందు ఎక్కడ ఇరుక్కుంటోందో చూడాలి, అది చూడకుండా కార్డు మార్చమన్నాడంటే అతను అమ్ముకునేది అతను చెప్పాడు. రెండో మానిటర్ లేకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచి రెండు రౌండ్లు ఆడి, స్మోకులు పడ్డాక వెంటనే ఆల్ట్ ట్యాబ్ కొట్టి గ్రాఫ్ చూడు. జీపీయూ, అంటే నీ గ్రాఫిక్స్ కార్డు, 97, 98 శాతం దగ్గర నిలబడి ఉంటే నిజంగానే కార్డు మీద బరువు. అలా కాకుండా జీపీయూ 50, 60లో ఊగుతూ ఎఫ్‌పీఎస్ మాత్రం పడిపోతోందంటే కార్డు ఖాళీగా కూర్చుని పని కోసం ఎదురుచూస్తోందన్నమాట, అప్పుడు 40 వేల కార్డు పెట్టినా అదీ ఎదురుచూస్తది. సీఎస్2 ప్రాసెసర్ని బాగా పిండుతుంది. నువ్వు సెట్టింగ్స్ లో లో పెట్టినా తేడా రాలేదంటేనే నాకు అనుమానం. అలాగే ర్యామ్ ఎంత నిండిందో, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వేసి ప్రాసెసర్ వేడి ఎంతో రాసిపెట్టు. ఆ బూస్టర్ తీసి అవతల పారెయ్, అలాంటివి ర్యామ్ ఖాళీ చేశామని చూపిస్తాయి, విండోస్ మళ్లీ అవన్నీ డిస్క్ నుంచి లాక్కోవాలి, ఇంకా స్లో.

కరీంనగర్_చిచ్చా:
బయోస్ల (పీసీ ఆన్ కాంగనే తెరిచే సెట్టింగ్స్) ఎక్స్ఎంపీ ఆన్ చేసుకో బ్రో, ర్యామ్ దాని మీద రాసిన స్పీడ్‌ల నడుస్తది, నా ర్యామ్ 2400 మీదనే నడుస్తుండె, 3200 పెట్టినంక మస్తు ఫరక్ కనవడ్డది. పైసా ఖర్చు లేదు.

కూలర్_మాస్టారు:
చిచ్చా మాట నిజమే కానీ ఈ తమ్ముడికి పని చెయ్యదు. హెచ్410 మీద 10వ జనరేషన్ ఐ5 పెడితే ర్యామ్ 2666 దాటదు, 3200 స్టిక్ కొన్నా 2666 లోనే నడుస్తుంది. నీది ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసరో లేక వేరే బోర్డో అయ్యుండాలి.

కరీంనగర్_చిచ్చా:
అవ్, నాది రైజెన్ 5 5600జీ. కార్డు గూడ లేదు, అందుకే గంత తేడా వచ్చిందేమో.

కూలర్_మాస్టారు:
అదే మరి, నీ గ్రాఫిక్స్ తినేది కూడా ఆ ర్యామ్‌లోంచే. తమ్ముడికి స్పీడ్ కాదు, రెండో స్టిక్ కావాలి. ఒకే స్టిక్ అంటే సింగిల్ చానెల్, రెండు లైన్ల రోడ్డులో ఒకటి మూసేసినట్టు. హెచ్410 బోర్డుల్లో మామూలుగా రెండే స్లాట్లు కాబట్టి ఖాళీగా ఉన్నదాంట్లో ఇంకో 8 పెట్టు. ఈమధ్య ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, డీడీఆర్4 సెకండ్ హ్యాండ్ దొరికితే మొహమాటపడకు.

గుంటూరు_మిర్చి:
చూశా అన్నా. జీపీయూ 55, ర్యామ్ 8కి 7.6, వెనకాల క్రోమ్ డిస్కార్డ్ ఉన్నాయి. ప్రాసెసర్ వేడి 99!! ఇది నార్మలేనా??

కూలర్_మాస్టారు:
ఏం నార్మల్, ఆ చిప్ హద్దే 100. అక్కడికి రాగానే కాలిపోకుండా తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటుంది, నీ 40 ఎఫ్‌పీఎస్ వెనక ఇది కూడా ఉంది. పవర్ తీసేసి సైడ్ డోర్ విప్పి కూలర్ నాలుగు మూలలా ఉన్న ప్లాస్టిక్ పిన్నులు పట్టుకుని చూడు. కంపెనీ కూలర్లకి ఇదే రోగం, ఒక పిన్ను లేచినా కూలర్ ఓ పక్కకి ఒరిగి చిప్‌ని సరిగ్గా అంటుకోదు. ఎలాగూ విప్పుతావు కాబట్టి చిప్ వేడిని కూలర్‌కి దాటించే పాత పేస్ట్ తుడిచేసి కొత్తది కందిగింజకి కాస్త పెద్దగా మధ్యలో పెట్టు, పుల్లట్టుకి పిండి పరిచినట్టు పరచక్కర్లేదు. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకో. గేమ్‌ని ఎస్ఎస్‌డీలోకి మార్చు, 85 జీబీ దాకా జాగా అడుగుతుంది, స్టీమ్‌లో ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌కి వెళ్తే మూవ్ ఉంటుంది, మళ్లీ డౌన్‌లోడ్ అక్కర్లేదు.

గుంటూరు_మిర్చి:
నాలుగు రోజులు లేట్ అయింది సారీ. ఒక పిన్ను నిజంగానే లేచి ఉంది అన్నా, లోపల దుమ్ము చూసి అమ్మ పరక తెచ్చింది, వద్దని ఆపా. పేస్ట్ వేశాక 72 దాటట్లేదు. 8 జీబీ స్టిక్ మా జూనియర్ దగ్గర కొన్నా, గేమ్ ఎస్ఎస్‌డీకి మార్చా. స్మోకుల్లో కూడా 90 కిందికి రావట్లేదు!! కానీ రాత్రి 9 తర్వాత మళ్లీ జర్క్ వస్తోంది, ఎఫ్‌పీఎస్ మాత్రం పడట్లేదు.

రాత్రిపక్షి:
అది పీసీ కాదండి, నెట్. గేమ్ సెట్టింగ్స్‌లో టెలిమెట్రీ అని ఉంటుంది, పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే టైమ్, మిల్లీసెకన్లలో) చూపించమనండి. మనకి చెన్నై, ముంబైలో సర్వర్లు ఉన్నాయి కాబట్టి పింగ్ మామూలుగా తక్కువే రావాలి, అది ఉన్నట్టుండి 150కి ఎగిరి మళ్లీ దిగుతుంటే వైఫై పనే. మీ అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆ టైమ్‌కే వీడియోలు పెడతారు, 2.4 గిగాహెర్ట్జ్ మీద ఒకటే తొక్కిసలాట. కనీసం 5కి మారండి, కుదిరితే ల్యాన్ కేబుల్ లాగండి.

గుంటూరు_మిర్చి:
రూటర్ హాల్లో ఉందండి, నా రూమ్ చివర. మధ్యలోంచి వైర్ లాగితే అమ్మ కోసి పారేస్తుంది.

రాత్రిపక్షి:
ఫ్లాట్ కేబుల్ తీసుకోండి, తలుపు కింద నుంచి పట్టేస్తుంది. గోడ మూల వెంట తెల్ల క్లిప్పులు కొట్టండి, పండక్కి ఇల్లు దులిపేదాకా కనపడదు.