బతుకమ్మ పాట రాసిచ్చాను, హక్కు ఎవరిది?

పాటల పిచ్చోడు:
మాది సిరిసిల్ల దగ్గర పల్లె. పోయిన బతుకమ్మకు ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లకు పాట రాసిచ్చాను. ఫోన్‌పేలో 3,000 కొట్టారు, కాగితం ఏమీ లేదు. బాణీ మా ఊళ్లో ఆడవాళ్లు ఎప్పటినుంచో పాడుకునేదే, మాటలన్నీ నావి. వీడియో కింద డ్రోన్ తిప్పిన అబ్బాయి పేరు కూడా ఉంది, నా పేరు లేదు. అడిగితే "డబ్బులిచ్చాం కదన్నా, పాట మాదే. నువ్వేమన్నా రిజిస్టర్ చేయించావా?" అంటున్నారు. ఇప్పుడు సినిమావాళ్లు ఆ మాటలు కావాలంటున్నారు. ఇవ్వొచ్చా? ఒకటే టెన్షన్.

గోదారి గట్టు:
రాసింది మనకు మనమే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకొని, కవరు విప్పకుండా దాచుకుంటే చాలంటారు కదా?

రెండో చరణం:
ఆ కవరు మాట నేనూ పాతికేళ్లుగా వింటున్నాను. చట్టంలో దానికి చోటు లేదు.

తమ్ముడూ, రిజిస్టర్ చేయించకపోతే హక్కు పోదు. రాసినప్పటి నుంచే అది నీది. నీ తదనంతరం 60 ఏళ్లు నీ వారసులది. రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి పనికొస్తుంది, అంతే. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ కాగితం మీద, సంతకంతో జరగాలి. ఫోన్‌పేలో డబ్బు పడితే పాట వాళ్లదైపోదు.

అలాగని అంతా నీదే కాదు. రికార్డింగ్ తీయించినవాళ్లది. పాడినమ్మాయికి వేరే హక్కుంది. బాణీ ఊరందరిది, ఏ ఒక్కరి సొంతమూ కాదు. కాబట్టి సినిమావాళ్లకు మాటలివ్వు, ఛానల్ ట్రాక్ వాడుకోమని మాత్రం అనకు. వీడియో తీసేయించాలనే పంతం కూడా వద్దు. డబ్బు తీసుకుని నువ్వే ఇచ్చావు, రేపు ఆ మాటే అంటారు. పేరు మాత్రం వదలకు. హక్కులు అమ్ముకున్నాక కూడా రాసింది నేనేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఉంటుంది.

సినిమా అగ్రిమెంట్‌లో 'సర్వహక్కులూ' అని రాసుకొస్తారు, చూస్తూ ఉండు. 2012 సవరణ వచ్చాక, థియేటర్లో బొమ్మ ఆడటం తప్ప మిగతా వాడకాలకు రాయల్టీలో నీ వాటా వదులుకుంటానని సంతకం పెట్టినా చెల్లదు. హక్కు ఎన్నేళ్లకు ఇస్తున్నావో తప్పకుండా రాయించు. రాయకపోతే 5 ఏళ్లుగా లెక్కేస్తారు.

పాటల పిచ్చోడు:
అన్నా, "మూడో చరణంలో రెండు లైన్లు మార్చన్నా" అని వాళ్లే పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లున్నాయి. పనికొస్తాయా?

రెండో చరణం:
అంతకంటే ఏం కావాలి! స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకు, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చెయ్యి. ఆ ఫోన్ మాత్రం ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చెయ్యకు.